గాలిపటాల గుట్ట కింద ఏముంది?

సియాటిల్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు ఊరు చూడటానికి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లే చోట్లలో గ్యాస్ వర్క్స్ పార్కు ఒకటి. యూనియన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున పచ్చటి గుట్ట, గుట్ట మీద గాలిపటాలు ఎగరేసే పిల్లలు, నీళ్లకు అవతల ఆకాశహర్మ్యాలు. అంతా బాగానే ఉంటుంది కానీ, గుట్ట పక్కనే తుప్పుపట్టిన ఇనప బురుజులు, మెలికలు తిరిగిన గొట్టాలు కంచె లోపల నిలబడి కనిపిస్తాయి. ఇంత ఖరీదైన చోట ఈ పాత ఇనుమంతా తూకానికి అమ్మేయకుండా ఎందుకు ఉంచారని పెద్దవాళ్లకు సందేహం వస్తుంది. కిందికి దిగి నీటి అంచుకు వెళితే ఇంకో వింత. సరస్సు నిండా పడవలు తిరుగుతూనే ఉంటాయి, ఇక్కడ మాత్రం నీళ్లలో దిగవద్దని, ఈత కొట్టవద్దని బోర్డులు. లోతు ఎక్కువని కాదు, అడుగున ఉన్న బురద మంచిది కాదని.

1906 నుంచి 1956 దాకా, యాభై ఏళ్లపాటు ఇక్కడ గ్యాసు వండారు. మనకిప్పుడు గ్యాసంటే సిలిండరు, లేదా పైపులైను. ఆ రోజుల్లో పెద్ద ఊళ్లు తమ గ్యాసు తామే తయారుచేసుకునేవి. బొంబాయి, కలకత్తా వీధిదీపాలు కూడా ఒకప్పుడు అలాంటి గ్యాసుతోనే వెలిగాయి. పద్ధతి వినడానికి సులువే. బొగ్గును గాలి చొరబడని కొలిమిలో పెట్టి తీవ్రంగా వేడి చేస్తారు. ఆక్సిజన్ లేదు కాబట్టి బొగ్గు మండదు, విడిపోతుంది. హైడ్రోజన్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ బయటికొస్తాయి. ఊరికి కావలసిన గ్యాసు అదే. దాని వెంట అక్కర్లేనివి కూడా వస్తాయి. తారు, అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, సయనైడ్. ఇళ్లకు పంపేముందు వీటిని ఒక్కొక్కటిగా తీసెయ్యాలి. చల్లబరిస్తే తారు దిగుతుంది. గంధకాన్ని పట్టుకోవడానికి కొన్ని ఊళ్లలో ఇనప తుప్పు కలిపిన చెక్కపొట్టు వాడేవారు. సియాటిల్‌లో ఆర్సెనిక్ కలిపిన ద్రావణం వాడారు. 1937లో బొగ్గు మానేసి నూనెతో గ్యాసు చేయడం మొదలయ్యాక తారుకు మసి తోడైంది.

ఇళ్లకు శుభ్రమైన గ్యాసు వెళ్లింది, వడగట్టిన మడ్డి ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలింది. కొంత తారు అమ్ముడుపోయింది. మిగతాది తొట్ల అడుగునుంచి కారింది, గొట్టాల అతుకుల్లోంచి ఊరింది, ఒడ్డు పూడ్చి స్థలం పెంచుకునేటప్పుడు రాళ్లూ రప్పలతో కలిసి సరస్సులో పడింది. ఎవరో దుర్మార్గుడు అర్ధరాత్రి ట్యాంకరు తెచ్చి పారబోసిన కథ కాదు ఇది. రోజుకింత చొప్పున, పట్టపగలు, అందరి కళ్లముందే జరిగింది. పాడైపోయిన పట్టణ భూముల్లో చాలావాటి చరిత్ర ఇలాగే ఉంటుంది.

1956లో పైపులైను ద్వారా సహజవాయువు ఊళ్లోకి వచ్చింది. ఫ్యాక్టరీకి తాళం పడింది.

ఊరే కొనుక్కుంది

ఆ ఒడ్డు పార్కుకు బాగుంటుందని 1903లోనే, అంటే ఫ్యాక్టరీ రాకముందే, ఉద్యానవనాల రూపకర్త జాన్ చార్లెస్ ఆమ్‌స్టెడ్ సియాటిల్ నగరానికి సూచించాడు. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత 1962లో నగరపాలక సంస్థ దాదాపు 20 ఎకరాల ఆ స్థలాన్ని 13 లక్షల 40 వేల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. దీనికోసం పట్టుబట్టిన వాళ్లలో నగర కౌన్సిల్ సభ్యురాలు మర్టిల్ ఎడ్వర్డ్స్ ముఖ్యురాలు. ఆమె 1969లో కారు ప్రమాదంలో చనిపోయారు. పార్కుకు ఆమె పేరు పెట్టాలనుకున్నారు.

1970లో రూపకల్పన బాధ్యత రిచర్డ్ హాగ్ అనే ఆయనకు అప్పగించారు. ఆయన వెళ్లి ఆ పాడుబడ్డ ఫ్యాక్టరీలోనే ఒక షెడ్డులో ఆఫీసు పెట్టుకున్నాడు. కొన్నాళ్లు ఆ బురుజుల మధ్య తిరిగాక వాటిని పడగొట్టకూడదన్నాడు. ఊళ్లో గోల మొదలైంది. పార్కంటే పూలూ పచ్చికా ఉండాలి కానీ ఈ దెయ్యాల కొంప ఏమిటన్నారు. ఎడ్వర్డ్స్ కుటుంబం తమ ఇంటి మనిషి పేరు ఇలాంటి చోటికి వద్దంది. ఆ పేరు తర్వాత మరో పార్కుకు పెట్టారు. హాగ్ సభలు పెట్టి, ఓపిగ్గా ఒప్పించి, చివరికి తన మాట నెగ్గించుకున్నాడు. బాయిలర్ షెడ్డు పిక్నిక్ షెడ్డయింది, యంత్రాల గదిలో ఇనప యంత్రాలకు రంగులేసి పిల్లల ఆటశాల చేశారు.

బురుజుల గొడవలో పడి పత్రికలు అంతగా పట్టించుకోని సంగతి నేలది. అలాంటి స్థలానికి అప్పట్లో అందరికీ తోచే వైద్యం ఒకటే. చెడ్డ మట్టి తవ్వి, లారీలకెత్తి, ఊరవతల పారబోసి, మంచి మట్టి తోలడం. ఖర్చు సంగతి అలా ఉంచితే, ఆ లారీలు వెళ్లిన చోట కూడా ఒక ఊరుంటుంది. హాగ్ పునాదుల శిథిలాలను ఎక్కడికీ పంపకుండా అక్కడే పోగు పెట్టించి, పైన కొత్త మట్టి కప్పించాడు. ఇప్పుడు పిల్లలు గాలిపటాలు ఎగరేసే గుట్ట అదే. మిగతా నేలను దున్నించి, అందులో మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి తెచ్చిన బురద, రంపపుపొట్టు కలిపించాడు. మిగిలిన పని మట్టిలోని బ్యాక్టీరియాకు వదిలేశాడు. 1975లో పార్కు తెరిచారు.

బ్యాక్టీరియాకు తారు పెడితే

తారు ఒక పదార్థం కాదు, వేల పదార్థాల కలగలుపు. వాటిలో చాలావాటికి మూలం బెంజీన్ వలయం, అంటే ఆరు కార్బన్ పరమాణువులు గుండ్రంగా కూర్చున్న అమరిక. ఒక్క వలయమే ఉంటే అది బెంజీన్. చేగోడీలు మూకుట్లో వేగేటప్పుడు ఒకదాన్నొకటి అతుక్కుపోయినట్టు ఈ వలయాలు రెండు, మూడు, నాలుగు, అయిదు అతుక్కుంటాయి. రెండు అతుక్కుంటే నాఫ్తలీన్. బట్టల బీరువాలో వేసే కలరా ఉండ అదే. అయిదు అతుక్కున్నవాటిలో బెంజోపైరీన్ ఒకటి, క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం. సిగరెట్ పొగలో ఉండేది కూడా ఇదే. ఈ బహువలయ బంధువర్గం మొత్తాన్ని పీఏహెచ్‌లు అంటారు.

మట్టిలో ఉండే సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియాకు ఇదంతా తిండే. ఎంజైముల సాయంతో వలయానికి ఆక్సిజన్ తగిలించి దాన్ని తెరుస్తాయి. తెరిచాక ముక్కలు చేసుకుని తింటాయి. చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు మిగులుతాయి. ఈ విందు జరగాలంటే గాలి, తేమ, కొంచెం నత్రజని, కొంచెం భాస్వరం కావాలి. తారు పట్టి బిగుసుకుపోయిన నేలలో తిండికి లోటు లేదు, లేనివి మిగతావే. హాగ్ వేయించిన దుక్కి గాలినిచ్చింది, మురుగు బురద నత్రజని, భాస్వరాలనిచ్చింది, రంపపుపొట్టు నేలను గుల్లబరిచింది.

మన దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆనందమోహన్ చక్రవర్తి కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే ముడిచమురును తినే సూడోమోనాస్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు. ప్రాణమున్నదాని మీద పేటెంటు ఏమిటన్న గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1980లో తీర్పు ఆయన పక్షానే వచ్చింది. తీర్పు చరిత్రకెక్కింది. కానీ నేలల శుద్ధిలో ఎక్కువగా పనికొచ్చింది ఇలా తయారుచేసిన జీవులు కాదు. ఆ మట్టిలో ముందునుంచీ ఉన్నవాటికే గాలీ ఎరువూ అందించడం. హాగ్ చేసింది సరిగ్గా అదే, అదీ ఈ పద్ధతికి ఇంకా పాఠ్యపుస్తకాలు లేని కాలంలో.

మరి పని పూర్తయిందా? సగమే అయింది. ఒకటి, రెండు, మూడు వలయాల పదార్థాలను బ్యాక్టీరియా ఇష్టంగా తింటుంది. వలయాలు పెరిగేకొద్దీ చిక్కు. అయిదు వలయాల పదార్థం నీళ్లలో దాదాపు కరగదు, మట్టి రేణువుల సందుల్లోకి దూరి గట్టిగా పట్టుకుంటుంది. బ్యాక్టీరియా నోటికి అందదు. అంటే తేలికైనవి పోయి, మొండివి, ప్రమాదకరమైనవి మిగులుతాయి. 1984లో పరీక్షలు చేస్తే మట్టిలో పీఏహెచ్‌లు బయటపడ్డాయి, పార్కును కొన్ని నెలలు మూసేశారు. గడ్డి మొలిచింది కదా, నేల బాగుపడిందనుకోవడం ఎంత పొరపాటో అప్పుడు తెలిసింది. గడ్డి వేళ్లకు బెంజోపైరీన్‌తో పేచీ లేదు. పేచీ మట్టి నోట్లో పెట్టుకునే రెండేళ్ల పిల్లాడికి.

శుభ్రం అంటే ఎంత శుభ్రం?

నేలను శుద్ధి చేసే ఇంజనీరు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. విషం ఎక్కడుంది? ఏ దారిన కదులుతుంది? ఆ దారి చివర ఎవరున్నారు? మూడింటిలో ఏ ఒక్కటి తెగినా ప్రమాదం తెగుతుంది. విషాన్ని పూర్తిగా తీసెయ్యడం ఒక మార్గం. దారిని మూసెయ్యడం రెండోది. అక్కడ మనుషులు ఉండకుండా చూడటం మూడోది. పట్టణాల్లో జరిగే శుద్ధిలో చాలా భాగం రెండోదే. ఇది జనానికి చెప్పరు. "శుభ్రం చేశాం" అంటారు, మనం విషం పోయిందనుకుంటాం.

దారి ఏదో తెలియాలంటే ఆ పదార్థం స్వభావం తెలియాలి. బెంజోపైరీన్ కదలదు. ఉన్నచోటే ఉంటుంది కాబట్టి దానిమీద ఒక పొర కప్పి, పైన మంచి మట్టి, ఆ పైన గడ్డి వేస్తే మనిషికి అందదు. బెంజీన్ అలా కాదు. నీళ్లలో కరుగుతుంది, గాల్లోకి ఆవిరవుతుంది, భూగర్భజలంతో పాటు చాప కింద నీరులా పాకుతుంది. అమెరికాలో తాగునీటికి బెంజీన్ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. లెక్క వేసి చూడండి. ఒక్క గ్రాము బెంజీన్ 2 లక్షల లీటర్ల నీటిని ఆ పరిమితికి చేర్చగలదు. వేసవిలో మన కాలనీలకొచ్చే 10,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై.

గ్యాస్ వర్క్స్ పార్కులో ఒక మూల భూగర్భజలంలో బెంజీన్ ఉందని తేలాక, 2000 ప్రాంతంలో వేరే వైద్యం చేశారు. నీటిమట్టం కిందికి గొట్టాలు దించి గాలి ఊదారు. బుడగలు పైకి వస్తూ బెంజీన్‌ను ఆవిరిగా మోసుకొస్తాయి. పైన ఇంకో వరస గొట్టాలు ఆ ఆవిరిని పీల్చి శుద్ధి యంత్రానికి పంపుతాయి. ఊదిన గాలిలోని ఆక్సిజన్ కింద బ్యాక్టీరియాకు కూడా అందుతుంది. ఒకే గొట్టంతో రెండు పనులు. చూసేవారికి మాత్రం పచ్చికలో కొన్ని మూతలు, ఒక చిన్న షెడ్డు, సన్నటి మోటారు చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. సరస్సు అడుగున ఒడ్డు వెంబడి ఉన్న బురద సంగతి తేల్చడం అన్నిటికన్నా ఆలస్యమైంది. గ్యాసు కంపెనీ వారసురాలైన సంస్థ, నగరపాలక సంస్థ కలిసి ఆ భారం మోస్తున్నాయి.

లోహాల కథ వేరు. సీసం, ఆర్సెనిక్, క్రోమియం మూలకాలు. ఏ బ్యాక్టీరియా వాటిని తిని మాయం చెయ్యలేదు. రూపం మార్చవచ్చు. నీళ్లలో కరిగే ఆరో సంయోజకత క్రోమియం ఘోరమైన విషం. దానికి ఎలక్ట్రాన్లు అందిస్తే మూడో సంయోజకతకు దిగి, కరగకుండా నేలను పట్టుకుని కూర్చుంటుంది. మొక్కలతో లాగించవచ్చు కూడా. ఆవకాయలో వేసే ఆవాల మొక్కకు సీసాన్ని పీల్చే గుణముంది. ఒక జాతి ఫెర్న్ ఆర్సెనిక్‌ను తెగ తాగుతుందని 2001లో కనుక్కున్నారు. పత్రికలకు ఇలాంటి వార్తలంటే మోజు. కానీ మొక్క వేళ్లు దిగే లోతు ఎంత, ఎన్ని పంటలు కోస్తే నేల తేటపడుతుంది, కోసిన ఆ విషపు మోపును ఏం చెయ్యాలి అని అడిగితే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. పదేళ్లు ఆగగలిగే స్థలానికి బాగుంటుంది. బిల్డర్ ఆగడు.

తొందరగా కావాలంటే మట్టిని కడగాలి. 2012 ఒలింపిక్స్ కోసం తూర్పు లండన్‌లో చేసింది అదే. వందేళ్ల పరిశ్రమల మడ్డి పట్టిన నేల తవ్వి, అక్కడే పెట్టిన యంత్రాల్లో వేశారు. దీని వెనక సూత్రం సరళమైనది. విషం రేణువు ఉపరితలాన్ని పట్టుకుంటుంది. రేణువు ఎంత చిన్నదైతే బరువుకు తగ్గ ఉపరితలం అంత ఎక్కువ, కాబట్టి విషంలో ఎక్కువ భాగం బంకమట్టిలో ఉంటుంది, ఇసుక, గులకరాళ్లలో తక్కువ. నీళ్లు, జల్లెడలతో వాటిని విడదీస్తే ఇసుక, రాయి మళ్లీ వాడుకోవచ్చు. చెడ్డ బురద కొంచెమే మిగులుతుంది. తవ్విన మట్టిలో నూటికి ఎనభై పాళ్ల వరకు అక్కడే తిరిగి వాడారు. మట్టి ఎక్కువగా బంకగా ఉంటే మాత్రం ఈ కిటుకు పారదు. నల్లరేగడి మీద కట్టిన ఊళ్లవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

తిలా పాపం తలా పిడికెడు

ఇంత సైన్సు తెలిసి కూడా ఊళ్ల నడిబొడ్డున పాడుబడ్డ స్థలాలు ఏళ్ల తరబడి ఎందుకు పడి ఉంటాయి? సమాధానం రసాయనశాస్త్రంలో లేదు, దస్తావేజుల్లో ఉంది.

అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అని, సగం తవ్వి వదిలేసిన కాలువ ఒకటి ఉండేది. 1940ల నుంచి 1953 వరకు హుకర్ అనే కంపెనీ అందులో దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పోసి, మీద బంకమట్టి కప్పింది. 1953లో ఆ స్థలాన్ని ఊరి విద్యా మండలికి ఒక్క డాలరుకు అమ్మింది. కింద రసాయనాలున్నాయని, రేపు ఏం జరిగినా తమకు బాధ్యత లేదని అమ్మకపు పత్రంలోనే రాసింది. మండలి అక్కడ బడి కట్టింది. చుట్టూ ఇళ్లొచ్చాయి. రోడ్లకూ మురుగు గొట్టాలకూ తవ్వినప్పుడు బంకమట్టి కప్పు చిల్లులు పడింది. ఇల్లు కొనుక్కున్నవాళ్లలో ఎవరికీ ఆ పత్రంలోని హెచ్చరిక చేరలేదు. 1970ల చివర్లో సెల్లార్ గోడల్లోంచి నల్లటి జిగురు ఊరడం మొదలైంది. లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కూడగట్టింది. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించారు.

చూడండి, కప్పు వేసిన పద్ధతిలో లవ్ కెనాల్‌కూ గ్యాస్ వర్క్స్ గుట్టకూ పెద్ద తేడా లేదు. రెండుచోట్లా విషం కిందే ఉంది. ఒకచోట అది ఉందని గుర్తుపెట్టుకుని, బోర్డులు పెట్టి, నీళ్లు పరీక్షిస్తూ, తప్పు బయటపడినప్పుడు మూసి బాగుచేసే యజమాని ఉన్నాడు. ఆ యజమాని నగరపాలక సంస్థ. ఇంకోచోట చేతులు మారిన కొద్దీ జ్ఞాపకం పోయింది. కంపెనీలు మూతపడతాయి, పేర్లు మార్చుకుంటాయి, అమ్ముడుపోతాయి. ఊరు ఎక్కడికీ పోదు. కలుషిత భూమి విషయంలో నగరం ఇవ్వగలిగిన సాయాల్లో డబ్బుది రెండో స్థానమే అని నేను అనుకోవడానికి కారణం ఇదే.

లవ్ కెనాల్ దెబ్బతో అమెరికా 1980లో సూపర్‌ఫండ్ చట్టం చేసింది. చాలా కఠినమైన చట్టం. చెడగొట్టినవాడే కాదు, ఇప్పటి యజమాని కూడా బాధ్యుడే. పదిమంది చెడగొడితే మొత్తం ఖర్చు ఒక్కడి దగ్గరే వసూలు చెయ్యవచ్చు. న్యాయంగానే ఉంది, కానీ కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పాత ఫ్యాక్టరీ స్థలం అంటే కొనేవాడు పారిపోయాడు, బ్యాంకు అప్పివ్వనంది. బిల్డర్లు ఊరవతల పొలాలు కొని కట్టుకుంటూ పోయారు. ఊరి మధ్యలో స్థలాలు ఎండిపోయాయి. అలాంటి బ్రౌన్‌ఫీల్డ్ స్థలాలు దేశంలో 4 లక్షల 50 వేలకు పైగా ఉంటాయని అక్కడి పర్యావరణ సంస్థ అంచనా. వాటిలో నిజంగా భయంకరమైనవి కొన్నే. మిగతావాటిని చంపింది విషం కాదు, అనుమానం.

అనుమానం తీర్చడానికి పెద్ద డబ్బు అక్కర్లేదని తెలుసుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది. 1995 నుంచి పర్యావరణ సంస్థ నగరాలకు పరీక్షల కోసం గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2002లో చట్టం మార్చి, కొనేముందు నిజాయితీగా విచారించుకున్న కొనుగోలుదారుకు రక్షణ కల్పించారు. విచారణ రెండు మెట్లు. మొదటి మెట్టులో ఒక్క గుంట కూడా తవ్వరు. పాత రికార్డులు తిరగేస్తారు, స్థలమంతా నడిచి చూస్తారు, పాత ఉద్యోగులతో మాట్లాడతారు. ఇక్కడ ఎక్కువగా అక్కరకొచ్చేవి శాన్‌బార్న్ మ్యాపులు. 1867లో మొదలైన ఆ కంపెనీ అగ్నిప్రమాద బీమా కోసం వేల ఊళ్లను వీధివీధీ గీసింది. ఏ షెడ్డులో కిరోసిన్ ఉంది, తొట్టి ఎక్కడుంది, గోడ చెక్కదా ఇటుకదా అన్నీ అందులో ఉంటాయి. నిప్పు భయంతో గీసిన మ్యాపు వందేళ్ల తర్వాత మట్టిలో విషం ఎక్కడ వెతకాలో చెబుతోంది. రెండో మెట్టులో అనుమానం ఉన్న చోటే బోరు దించి మట్టి, నీరు, ఆవిరి పరీక్షిస్తారు. ఫలితం చెడుగా వచ్చినా మంచిదే. ఖర్చెంతో తెలిస్తే బేరం కుదురుతుంది, తెలియని ఖర్చుకు ఏ బ్యాంకూ అప్పివ్వదు.

బాలానగర్‌లో సెల్లార్ తవ్వితే

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అనుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చిన పారిశ్రామిక భూముల మార్పిడి విధానం కింద హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్, నాచారం, కాటేదాన్ వంటి పారిశ్రామికవాడల్లో మొత్తం తొమ్మిది వేల ఎకరాలకు పైగా భూమిని, రుసుము కట్టించుకుని, ఇళ్లకూ ఆఫీసులకూ అనుమతించాలన్నది ఆలోచన. ఫ్యాక్టరీలు ఔటర్ రింగ్ రోడ్డు దాటి వెళ్లాలంటున్నారు. ఆలోచనలో తప్పు లేదు. ఊరు పెరిగి చుట్టుముట్టాక రసాయన పరిశ్రమ ఊరి మధ్య ఉండకూడదు. రాజకీయ రగడ మాత్రం దాదాపు అంతా గజం ధర చుట్టూ తిరిగింది. ఆ గజం కింద ఏముందన్న ప్రశ్న అంతగా వినిపించలేదు.

వినిపించాలి. కాటేదాన్ నేలలో సీసం, క్రోమియం వంటి లోహాలు సహజ స్థాయిని మించి ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఏనాడో కొలిచి చూపారు. అక్కడి నూర్ మహమ్మద్ కుంటనూ, కడప పట్టణపు చెత్త దిబ్బనూ 2010లో ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన శుద్ధి పథకంలో నమూనా స్థలాలుగా ఎంచుకున్నారు కూడా. జవహర్‌నగర్‌లో దాదాపు 1 కోటి 20 లక్షల టన్నుల పాత చెత్తగుట్టకు జీహెచ్ఎంసీ కప్పు వేయించింది. మనకు అనుభవం బొత్తిగా లేదనడానికి లేదు.

మన నేలకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. నీరు పై మొరంలోంచి దిగి రాతి పగుళ్లలో పడుతుంది. పగులు ఎటు పోతే అటు. ఫ్యాక్టరీ ఇక్కడుంటే విషం పక్క గజంలో కాక అర కిలోమీటరు అవతల బోరులో తేలవచ్చు. వెయ్యి అడుగుల బోర్లు పై విషాన్ని తిన్నగా అడుక్కి దించే నిచ్చెనలవుతాయి. మందుల కంపెనీలు, యంత్రభాగాల కంపెనీలు వాడే క్లోరిన్ ద్రావకాల్లో కొన్ని నీటికన్నా బరువైనవి. పగుళ్లలో అట్టడుగుకు చేరి దశాబ్దాలపాటు కరుగుతూ ఉంటాయి, వాటి ఆవిరి పైకొస్తుంది. సియాటిల్‌లో ఆ స్థలాన్ని పార్కు చేశారు. ఆరుబయట ఆవిరి గాల్లో కలిసిపోతుంది. మనం అలాంటి చోట మూడంతస్తుల సెల్లార్ తవ్వి, పైన నలభై అంతస్తులు కడతాం. మూసిన సెల్లార్‌లోకి చేరిన ఆవిరి పైకి పోయే దారుల్లో లిఫ్టు గుంట ఒకటి.

ఇంకొకటి. సెల్లార్ తవ్వగా వచ్చిన మట్టి ఎటు పోతుంది? రాత్రిళ్లు టిప్పర్లు ఎక్కడ ఖాళీ అవుతాయో నగరంలో అందరికీ తెలుసు. చెరువు శిఖంలో. కలుషిత స్థలం మట్టికి లెక్క లేకపోతే పునరభివృద్ధి పేరుతో మనం చేసేది విషాన్ని పారిశ్రామికవాడ నుంచి చెరువుకు బదిలీ చేయడమే.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు నోటిఫై చేసింది. అప్పటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు నూరు దాటాయి, శుద్ధి పని మొదలైంది ఏడు చోట్లే. కాలుష్యానికి కారణమైనవాడే ఖర్చు భరించాలని, అనుమానిత స్థలాన్ని తొలి అంచనా వేయడానికి 90 రోజులు, లోతైన పరీక్షకు మరో 90 రోజులు అని గడువులు పెట్టారు. వీటన్నిటికీ ముందు జరగాల్సిన పనొకటుంది. స్థానిక సంస్థ, జిల్లా యంత్రాంగం తమ పరిధిలోని అనుమానిత స్థలాల జాబితాను ఆరు నెలలకొకసారి పంపాలి. ఆ జాబితాలో పేరు లేని స్థలం చట్టం కంటికి కనిపించదు.

కాబట్టి పాత ఫ్యాక్టరీ స్థలంలో ఫ్లాటు కొనాలనుకునేవారు కారు పార్కింగు గురించి అడిగేముందు నాలుగు సంగతులు అడగండి. ఇక్కడ ముందు ఏం తయారయ్యేది? మట్టిని, బోరు నీటిని, సెల్లార్ గాలిని ఎవరు, ఎంత లోతున, ఏ రసాయనాల కోసం పరీక్షించారు? తవ్విన మట్టి ఎక్కడ పోశారు? కింద ఏమైనా మిగిల్చి కప్పు వేసి ఉంటే పదేళ్ల తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారు? చివరి ప్రశ్నకు "అపార్ట్‌మెంట్ అసోసియేషన్" అని జవాబు వస్తే బయానా ఇవ్వకండి. మీ ప్రాంతంలో మూతపడిన ఫ్యాక్టరీ ఉండి, దాని పేరు మున్సిపాలిటీ పంపిన జాబితాలో ఉందో లేదో తెలుసుకోవాలనుకుంటే, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఫీజు పది రూపాయలు.